తమ్ముడికి జామీను

షాపు షట్టరు ఎత్తి మిషను ముందు కూర్చుందో లేదో టైలరమ్మకు పోలీసు స్టేషను నుంచి ఫోను వచ్చింది. లారీ నడిపే తమ్ముణ్ణి వేరే రాష్ట్రం పోలీసులు వారంటు తెచ్చి పట్టుకున్నారట. అతను సరుకు దింపి వచ్చిన గోదాములో పెట్టెలు మాయమయ్యాయని అక్కడ కేసు. ఇక్కడి కోర్టులో హాజరుపరిచి, ఇవాళే తమతో తీసుకుపోతామంటున్నారట.

విషయం వినగానే తల్లి గొల్లుమంది. "నా చిన్నోడు అలాంటివాడు కాడే! పొద్దున్నుంచి ఏమైనా తిన్నాడో లేదో!"

టైలరమ్మకు ఒళ్లు మండింది. తనకు కామెర్లు వచ్చి మంచాన పడ్డప్పుడు ఈ మాట ఒక్కసారైనా అడిగిందా? చిన్నోడికి పరీక్షలని వాడి పక్కనే కూర్చుంది.

కోర్టు వరండాలో లాయరమ్మ విడమరిచి చెప్పింది. "తప్పు చేశాడా లేదా అన్నది అక్కడి కోర్టు తేలుస్తుంది. మనకిప్పుడు రెండే దారులు. పోలీసుల వెంట పంపేయడం ఒకటి. లేదంటే కొద్ది రోజులకు ఇక్కడే బెయిలు అడుగుదాం. ఇస్తే తనంతట తానే అక్కడికెళ్లి హాజరై, అసలు బెయిలు అక్కడ అడుక్కోవచ్చు. కాకపోతే ఎవరో ఒకరు జామీను ఉండాలి. అతను రాకపోతే వాళ్లే జవాబు చెప్పుకోవాలి."

తల్లి కూతురి వైపు చూసింది.

"నా వైపు చూడకమ్మా! ముద్దులన్నీ వాడికి, మోతలన్నీ నాకా? పట్టుకుపోయింది నన్నైతే ఇలాగే పరిగెత్తుకొచ్చేదానివా?"

తల్లి కొంగుతో కళ్లొత్తుకుంది. 

టైలరమ్మ విసురుగా తమ్ముడి దగ్గరికి వెళ్లింది. నలిగిన చొక్కాతో, కానిస్టేబుల్ పక్కన బెంచీ మీద ఒదిగి కూర్చున్నాడు.

"నీ ముద్దుల అమ్మ ఉండగా నాకెందుకురా ఫోను చేయించావు?"

"అమ్మ ఏడుస్తుందక్కా. నేను ఏం చేసినా కాదనదు. నువ్వైతే తీశావా లేదా అని నిలదీస్తావు. ఒక్కరైనా అడగాలి కదా?"

ఆమె వాడి కళ్లలోకి సూటిగా చూసింది. "తీశావా?"

"లేదు. ఒట్టు."

తలొంచుకుని అన్నాడు. "నీ మీద నాకెప్పుడూ కుళ్లే. అమ్మ నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకునేది గానీ, ఇంటి తాళం మాత్రం నీ చేతికే ఇచ్చేది. ఈ రోజుకీ అంతే."

ఇన్నేళ్లూ తనొక్కతే కుళ్లుకుందనుకుంది. వెనక్కి తిరిగేసరికి తల్లి నిలబడి ఉంది.

"నీకేం కాదులే అని ధీమాగా ఉండిపోయానే తల్లీ. నీకూ ఒళ్లు కావాలని తోచనే లేదు." ముగ్గురూ ఏడ్చారు. కానిస్టేబుల్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"జామీనుదారు ముద్దాయికి ఏమవుతారు?" కోర్టు హాల్లో మేజిస్ట్రేటు అడిగారు.

"అక్కనండీ. వాణ్ణి నేనే వెంటబెట్టుకుని అక్కడి కోర్టులో నిలబెడతాను."

బెయిలు మంజూరైంది. తానూ ప్రయాణమవుతానంది తల్లి.

"వద్దు. షాపు తాళాలు తీసుకో. నే వచ్చేదాకా నువ్వే చూసుకో," అంది టైలరమ్మ. తర్వాత తమ్ముడి వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. "రైల్లో కిటికీ పక్కన మాత్రం నేనేరా. చిన్నప్పుడంతా నువ్వే కూర్చున్నావు!"