టైరు కింది రాయి

అయిజలో ఆ వీధివాళ్ళకు కోడికూతతో పనే లేకుండా పోయింది. తెల్లారగానే మహమూద్ గుమ్మంలో నిలబడి "జర చెయ్యెయ్యిండ్రి భాయ్!" అని కేకేస్తే చాలు, నిద్రపోతున్న కోళ్ళే ఉలిక్కిపడి లేచేవి. పళ్ళు తోముకునేవాడు వేపపుల్ల నోట్లోనే ఉంచుకుని, చాయ్ తాగేవాడు గ్లాసు గోడమీద పెట్టి, అందరూ వచ్చి పికప్ బండికి భుజాలు ఆనించేవారు. ఆ డీజిల్ బండి మసీదు దాకా మూలిగి, కిరాణా కొట్టు దాకా దగ్గి, చివరికి మలుపు దగ్గర ఇంత నల్లటి పొగ వదిలి స్టార్టయ్యేది. ఆ పొగ చూసి మబ్బు పట్టిందనుకుని గద్వాలలో ఆడవాళ్ళు ఆరేసిన బట్టలు తీసుకునేవారట.

"నీ మొగుని బండి పుణ్యాన మా ఆయన పొట్ట తగ్గింది జాహెదా! లుంగీ నిలుస్తలేదని మొలకు దారం కట్టిన" అని పక్కింటి బుజ్జమ్మ నవ్వేది.

జాహెదా కూడా నవ్వేది. లోపలికి వచ్చి పొయ్యి ముందు కూర్చున్నాక మాత్రం ఆ నవ్వు నిలిచేది కాదు. ఎందుకంటే ఆ బండి అమ్మింది స్వయానా ఆమె అన్న అజీజ్.

మహమూద్ చుట్టుపక్కల ఊళ్ళలో ఉల్లిగడ్డలు, మిరపకాయలు కొని మార్కెట్‌కు తోలుతాడు. కిరాయి బండ్లతో విసిగిపోయి సొంతానికి ఒక పాత బండి చూద్దామనుకుంటున్న రోజుల్లో, తిమ్మాజిపేట దగ్గర గుట్టమీద పల్లెలో ఉండే అజీజ్ కబురు పంపాడు. "నాకు మోకాళ్ళు సాతనైతలేవు. బండి పరాయోనికి ఇచ్చుడెందుకు, మా చెల్లె ఇంటికే రానీ" అన్నాడు.

వేరేవాళ్ళ దగ్గరైతే మహమూద్ బండి కింద దూరేవాడు, ఆయిలు వాసన చూసేవాడు, పదిసార్లు తాళం తిప్పేవాడు. బావమరిది ఇంట్లో బిర్యానీ తిని, ఆ చేత్తోనే బానెట్ ఎత్తి అనుమానంగా చూడటం ఎలా? సిగ్గేసింది. తినడం అయ్యేలోపే అజీజ్ బండిని కింద రోడ్డు మీదికి తెచ్చి ఇంజన్ ఆపకుండా నిలబెట్టాడు. చెల్లెలికి పల్లికాయ మూట ఎక్కించాడు. ఆఖరున గుమ్మడికాయంత నల్లరాయి ఒకటి ఎత్తి వెనక పెట్టాడు.

"ఇది గుడ పెట్టుకోరి. బండితోనే ఉంటది" అన్నాడు.

మహమూద్ బండి ఆపకుండా అయిజ చేరాడు. మర్నాడు పొద్దున తాళం తిప్పితే ఉలుకు లేదు, పలుకు లేదు.

మెకానిక్ యోసేపు వచ్చి, తాళం తిప్పితే ఇంజన్‌ను లేపాల్సిన సెల్ఫ్ మోటారును విప్పితే లోపల కందిరీగల మట్టిగూడు కనిపించింది. "ఇది తిరిగి ఏండ్లయింది మహమూదన్నా. కందిరీగలు తాతల కాలం నుంచి కాపురం చేస్తున్నయి. అమ్మినాయనకు తెల్వకుండ ఉంటదా?" అన్నాడు.

ఆ ఒక్క మాట ఇంట్లో పడి అక్కడే ఉండిపోయింది. అన్నంలో ఉప్పు తక్కువైనా "మీ అన్న ఉప్పు గుడ తక్కువనే వెట్టిండు" అనేవాడు మహమూద్. రాయిని పెరట్లో పారేశాడు. "బండి కొంటే రాయి ముఫత్!" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. జాహెదా దానిమీదే బట్టలు ఉతుకుతూ, అన్న ఎలా ఇలా చేశాడా అని లోలోపల కుమిలిపోయేది. తల్లి పోయాక ఆమెకు జడ అల్లిన చేతులు అవి. పక్కింటి ఆడవాళ్ళ దగ్గర నేర్చుకుని మరీ అల్లేవాడు. ఆ చేతులే మోసం చేశాయా?

ఒకరోజు అన్న కూతురు యాస్మిన్‌కు నిశ్చితార్థమని కబురు వచ్చింది. మహమూద్ చాయ్ గ్లాసు ఠక్కున కింద పెట్టాడు.

"మనం పోయేది లేదు."

"అన్న బిడ్డ నిశ్చితార్థానికి మేనత్త లేకుంటెట్ల? నలుగురు ఏమనుకుంటరు?"

"నలుగురు దినాం నా బండి నూకుతున్నరు. వాళ్ళేమనుకుంటున్నరో ఎన్నడన్న అడిగినవా?"

"బండికి, బిడ్డకి ఏం సంబంధం? నువ్వు రాకు. నేను బస్సెక్కి పోత."

"పో. పోయినంక అడుగు మీ అన్నను, చెల్లెనని గుడ సూడకుండ ఎట్ల అంటగట్టినవని. అడిగే ధైర్యం ఉంటేనే పో."

జాహెదా పొయ్యి వైపు తిరిగింది. అడిగితే పుట్టిల్లు పోతుంది. అడగకపోతే ఈ ఇంట్లో తల ఎత్తలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుంటుంటే బయట మహమూద్ కేక వినిపించింది. "జర చెయ్యెయ్యిండ్రి భాయ్!"

సరిగ్గా అప్పుడే పొద్దటి బస్సు దిగి అజీజ్ వీధిలోకి వచ్చాడు. ఆడబిడ్డను పిలవాలంటే అన్న స్వయంగా రావాలి కదా, అందుకని గాజుల డబ్బా చంకలో పెట్టుకుని మరీ వచ్చాడు. తన పాత బండిని జనం తోస్తుండటం చూసి, డబ్బా అరుగుమీద పెట్టి, లుంగీ ఎగ్గట్టి, నొప్పి మోకాళ్ళతోనే వచ్చి అందరితో పాటు భుజం వేశాడు. బండి మూలిగి, దగ్గి స్టార్టయింది. అద్దంలో చూసిన మహమూద్‌కు నల్లటి పొగలోంచి బావమరిది తెల్లగడ్డం కనిపించింది.

ఇంజన్ ఆపకుండానే దిగాడు.

"ఏమైంది మహమూద్? డీజిల్ గిట్ల ఒడిసిందా?" అన్నాడు అజీజ్ దగ్గుతూ.

"డీజిల్ కాదు భాయ్. సెల్ఫ్! సెల్ఫ్ లేని బండి ఇచ్చినవు గద!"

"సెల్ఫా?" అజీజ్ ఆ మాట కొత్తగా విన్నట్టు చూశాడు. "దాన్ని యాది మర్చి ఏండ్లయింది. దానితోని ఏం పని? రాయి తీస్తే బండి దిగువకు పోతది, అదే స్టార్టయితది గద. రాయిచ్చిన గద మీకు!"

"రాయి తీస్తే యాడికి పోతది భాయ్? ఇది అయిజ! ఈడ గోలీ ఇడిస్తే ఇడిసిన కాన్నే ఉంటది!"

జనం గొల్లుమన్నారు. అజీజ్ మాత్రం నవ్వలేదు. వీధిని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. పళ్ళెం బోర్లించినట్టు చదునుగా ఉంది. గుట్టమీద పుట్టి గుట్టమీదే ముసలైన మనిషికి, లోకంలో వాలు లేని వీధి ఉంటుందన్న ఊహే రాలేదు. మెల్లగా అరుగుమీద కూలబడ్డాడు.

"యా అల్లా... మీరు దినాం నూకుతున్నరా దీన్ని?"

గుమ్మంలో నిలబడ్డ జాహెదా ఆ మాట వింటూనే పెరట్లోకి పరుగెత్తింది. సబ్బునీళ్ళలో నానుతున్న రాయిని తిరగేసింది. ఒక పక్క టైరు ఒరుసుకుని నున్నగా అరిగి ఉంది. పుట్టింటికి పోయినప్పుడల్లా సాయంత్రం బండి గుట్టెక్కి రాగానే "చెల్లే, రాయి!" అని అన్న కేకేసేవాడు. ఉరికి పోయి టైరు కింద పెట్టింది తనే. ఆ రాయి మీదే ఇన్నాళ్ళు బట్టలు ఉతుకుతూ, అన్నను దొంగ అనుకుంది.

రాయిని ఎత్తుకొచ్చి అన్న కాళ్ళ దగ్గర పెట్టింది. ఏడుపు ఆగలేదు.

"ఆయన అన్నడంటే పరాయోడు, అంటడు అన్నా. నేను గుడ నమ్మిన. నా చేతులతోని పెట్టిన రాయే నాకు యాదికి రాలేదు."

అజీజ్ చెల్లెలి తలమీద చెయ్యి పెట్టాడు. "ఏడ్వకు. తప్పు నాదే. బండి ఇచ్చిన గని, గుట్ట ఇయ్యలే" అన్నాడు. తర్వాత జడ పట్టుకుని చూశాడు. "గీ జడ ఎవరల్లిండ్రు? వంకరున్నది."

ఆమె ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. మహమూద్ తల గోక్కుంటూ నిలబడ్డాడు. "నేను గుడ ఒక్క ఫోను కొట్టి అడిగితే అయిపోతుండె" అని గొణిగాడు. "నాష్టా చేద్దాం రా భాయ్. బండి అరుస్తనే ఉండనీ, ఇప్పుడు ఆపితే మళ్ళ నూకాలె."

అజీజ్ తిరిగి వెళ్ళేటప్పుడు ఆ సెల్ఫ్ మోటారును తువ్వాలలో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బస్సెక్కాడు. నాగర్‌కర్నూల్‌లో బాగుచేయిస్తానన్నాడు. ఎవరు వద్దన్నా వినలేదు.

నిశ్చితార్థం నాడు వీధి వీధంతా సంబరంగా తోసి సాగనంపింది. గుట్టమీద బండి ఆగీ ఆగకముందే "జాహెదా, రాయి!" అని కేకేశాడు మహమూద్. ఆమె పట్టుచీరలోనే దూకి, వెనక వేసుకొచ్చిన రాయిని టైరు కింద పెట్టింది.

మర్నాడు అక్కడే బాగైన సెల్ఫ్ బిగించారు. తాళం తిప్పగానే బండి పులిలా గర్జించింది. కందిరీగలు కొన్ని వచ్చి, ఇల్లు పోయిందని చుట్టూ తిరిగి వెళ్ళాయని మహమూద్ ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతాడు.

"ఇగ రాయితోని పని లేదు. పారేస్త తియ్యి" అంటూ అజీజ్ వంగాడు.

మహమూద్ ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. తనే రాయిని ఎత్తి, అజీజ్ గుమ్మం పక్కన గోడకు ఆనించి పెట్టాడు.

"ఈన్నే ఉండనీ భాయ్" అన్నాడు. "మేం వచ్చినప్పుడల్ల కావాలె గద."

జాహెదా బండిలో కూర్చుని, కిటికీ వైపు మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.