ఎనిమిది గంటల సెగ

ఉదయం ఆరున్నరకు ఫర్నేస్ షెడ్డులో మేస్త్రి శవం దొరికింది. గుండెలో ఒకే ఒక్క తూటా. ఏడింటికి ఏజెంట్ కొలిమి ఫోన్ మోగింది.

"ఇనుము వేడిగా ఉందా?" చీఫ్ గొంతు.

"ఉంది. కొట్టేవాడే లేడు."

కోడ్ సరిపోయింది.

"మీ మేస్త్రిని చంపేశారు. కొత్త విమానం రెక్కల్ని పట్టి ఉంచే బ్రాకెట్లను ఫర్నేస్‌లో కాల్చి గట్టిపరిచింది ఆయనే. పదకొండుకి టెస్ట్ ఫ్లైట్. పైలట్ ఎవరో నీకు చెప్పక్కర్లేదు."

అక్కర్లేదు. పైలట్ కొలిమి సొంత చెల్లెలు.

సర్వీసులో చేరకముందు పదేళ్లు ఆ మేస్త్రి దగ్గర పని నేర్చాడు కనుకనే అతనికి కొలిమి అని పేరు. నడుముకున్న అల్యూమినియం చేతిసంకెళ్లు కూడా మేస్త్రి తన చేత్తో పోతపోసి, కాల్చి ఇచ్చినవే. కొలిమి ఊడ్చేవాడి ఖాకీ చొక్కా తొడుక్కుని ఫ్యాక్టరీలో దూరాడు.

ముందు ల్యాబ్. అక్కడ మైక్రోస్కోప్ మేడం ఉంది. విదేశీ ముఠాను వదిలి మనవైపు వచ్చిన డబుల్ ఏజెంట్. ఆవిడ నవ్విందంటే చీఫ్ అంతటివాడే ఫైలు తలకిందులుగా పట్టుకునేవాడు.

"ఇదిగో, చూడండి," అని ఫోటో జరిపింది. "అల్యూమినియంలో రాగి పరమాణువులు. సన్నసెగకి గుంపుకట్టి పలచని రేకుల్లా పెరిగాయి. వేలకు వేలు, దగ్గర దగ్గరగా. లోహం వంగాలంటే ఇన్ని గోడలు దాటాలి. బ్రాకెట్లు భేషుగ్గా ఉన్నాయి."

ఫోటో భేషే. అది ఈ బ్యాచ్‌దేనని ఎవడు చెప్పొచ్చాడు? మేస్త్రి మాట చెవిలో మోగింది: "ఎనిమిది గంటల సెగరా. ఆపైన ఉంచావో, చేప చేపను మింగినట్టు పెద్ద రేకు చిన్న రేకును మింగి బలుస్తుంది. గోడలు తగ్గి సందులు పెరుగుతాయి. పైన పటారం, లోన లొటారం!"

మేస్త్రి కాగితాన్ని నమ్మే మనిషి కాడు. ఆఫీసుకిచ్చే పరీక్ష ముక్క కాక, తనకంటూ ఒక పలచని అల్యూమినియం పట్టీని బ్రాకెట్లతోపాటు అదే ఫర్నేస్ బుట్టలో కట్టి కాల్చి, బ్యాచ్ నంబరు కొట్టి, తన టిఫిన్ డబ్బా అడుగున దాచేవాడు. విమానం ఎగిరే రోజు పొద్దున తీసి వంచి చూసేవాడు. ఆ సంగతి ఆయన శిష్యులకు తప్ప ఎవరికీ తెలీదు.

షెడ్డు మూల డబ్బా అలాగే ఉంది. అడుగున ఈ బ్యాచ్ నంబరున్న పట్టీ అప్పటికే కాస్త వంగి ఉంది; మేస్త్రి పొద్దున చూసే ఉంటాడు. కొలిమి ఇంకాస్త వంచాడు. మంచిదైతే స్ప్రింగులా వెనక్కి తన్నాలి. ఇది ఎటు వంచితే అటు పడుకుంది. అతని ఒళ్లు మండిపోయింది.

పదీ యాభై. ఫోన్‌లో చీఫ్ మండిపడ్డాడు. "ల్యాబ్ రిపోర్ట్ క్లీన్! టిఫిన్ డబ్బాలో ముక్క చూసి ఫ్లైట్ ఆపాలా? అడ్డొచ్చావంటే ఉద్యోగం ఊడుతుంది."

"ఊడనివ్వండి సార్. ఉద్యోగం ఇంకోటి దొరుకుతుంది. చెల్లెలు దొరకదు."

జీపును రన్‌వేకి అడ్డంగా నిలిపి, దాని ముందు తాను నిలబడ్డాడు. దూసుకొస్తున్న విమానం కీచుమంటూ పది అడుగుల దూరంలో ఆగింది. వెనకే చీఫ్ కారు. పక్కన మేడం.

"తప్పుకో! ఇది ఆర్డర్!"

"తప్పుకోను. ముందు దీన్ని వంచండి."

పెన్ను తప్ప బరువెత్తని చీఫ్ చేతుల్లోనే పట్టీ తేలిగ్గా వంగింది. వంగి అలాగే ఉండిపోయింది. చీఫ్ మొహం పాలిపోయింది.

"ఏమైందన్నయ్యా?" కాక్‌పిట్‌లోంచి చెల్లెలు అరిచింది.

"నీ రెక్కల్ని ఎవరో ఎక్కువ ఉడకబెట్టారమ్మా. ఇంజన్ ఆపి దిగు!"

మేడం చేతిలో లిప్‌స్టిక్ లేచింది. కొలిమి ఆవిడ మణికట్టు పట్టి పైకి విరిచాడు. లిప్‌స్టిక్ పేలింది. తూటా ఆకాశంలోకి పోయింది. ఆ మణికట్టుకే సంకెళ్లు పడ్డాయి.

"మీ మేస్త్రి బుట్ట ఎక్కించి సెలవు మీద పోయాడు. రెండు రోజులు ఫర్నేస్ ఆపనివ్వలేదు నేను," అంది మేడం, ఏ మాత్రం బెదరకుండా. "సెగ ఎందుకు ఎక్కువైందని ఇవాళ పొద్దున్నే వచ్చి నన్నే అడిగాడు, ఆ అమాయకుడు."

"అమాయకుడే. అందుకే మిమ్మల్ని నమ్మాడు," అన్నాడు కొలిమి.

ఆవిడ సంకెళ్లను చూసి పకపకా నవ్వింది. "అల్యూమినియమా? పది నిమిషాల్లో విరిచి పారేస్తా." ఒకసారి గుంజింది. రెండోసారి గుంజింది. నవ్వు ఆగిపోయింది.

"కానివ్వండి మేడం, తొందరేం లేదు," అన్నాడు కొలిమి. "వాటిని కాల్చినప్పుడు మేస్త్రి సెలవులో లేడు."