కొత్త పెండలం పులుసు

ఒబిన్నా పళ్ళెంలోని పులుసు వంక చూశాడు. తర్వాత మోహనప్రియ వంక చూశాడు. చెయ్యి మాత్రం ఒళ్ళోంచి పైకి తీయలేదు.

"తిను," అంది ప్రియ మలయ్‌లో, పెదవులు కదలకుండా.

మలేసియాలో, బంటింగ్‌లోని ప్రియ వాళ్ళ ఇంట్లో అతను అడుగుపెట్టడం ఇదే మొదటిసారి. "ఒకపాలి తీసుకురా. సూసి సెప్తాను," అన్న కూర్మమ్మ మామ్మ ఎదురుగానే కూర్చుని చూస్తోంది.

"తినలేను," అన్నాడతను.

మామ్మకు మలయ్ బాగానే వచ్చు. "ఏటే, మనింట తిండి తిననంటన్నాడా?"

మూడేళ్ళ ప్రేమ ఒక్క పులుసు గిన్నెలో మునిగిపోయేలా ఉంది.

"నిన్న ఫ్యాక్టరీ గేటు దగ్గర నేనిచ్చిన పెండలమేనా ఇది?" అడిగాడు ఒబిన్నా.

"ఆదివారానికి అని నువ్వేగా ఇచ్చావు."

"ఆదివారం పండుగకి. ఈ సాయంత్రం మావాళ్ళ సంఘం హాల్లో కోస్తాం. నైజీరియాలో మా ఇగ్బోల్లో కొత్త పెండలం పెద్దవాళ్ళు రుచి చూడనిదే ఎవరూ ముట్టరు." అంత పొడుగు మనిషీ తల వంచుకున్నాడు. "దాచి ఉంచమని చెప్పాల్సింది. తప్పు నాదే."

బయట వాన మొదలైంది. రేకుల మీద చినుకులు టపటపలాడాయి.

"మా అమ్మా అంతే," అంది చివరికి మామ్మ. "అమ్మోరికి పెట్టకుండా కొత్త మామిడికాయ కొరికినానని వీపు సీరేసినాది. ఈ పిల్లకేటి తెలుసు." అతనివైపు తిరిగి మలయ్‌లో అడిగింది. "మీ హాల్లో పెద్దాయనకి ఎన్నేళ్ళు?"

"యాభై ఆరు."

"నాకు ఎనభై రెండు."

ఒబిన్నా మెల్లగా లేచాడు. తన పళ్ళెం రెండు చేతులా పట్టుకుని ఆమె ముందు పెట్టాడు. "అయితే మీరే మొదలుపెట్టాలి, మామ్మా." ఆ చివరి మాట తెలుగులోనే అన్నాడు, వారం రోజులు సాధన చేసినట్టుగా.

మామ్మ కళ్ళు మూసుకుని తన అమ్మోరికీ, అతని పెద్దలకీ కలిపి ఏదో గొణిగింది. ఓ ముక్క నోట్లో వేసుకుని నిదానంగా నమిలింది.

"ఉప్పు తగ్గినాది."

ప్రియ గరిటె అందుకుంది. "సుట్టానికి ముందు ఎయ్యనా, మామ్మా?"

"సుట్టమేటి? పెద్దోళ్ళు తిన్నాక ఇంటోళ్ళు తినాల. ఈడికి ఎయ్యి."

ప్రియ ఇంకో పళ్ళెంలో నిండా పులుసు పోసి అతని ముందు పెట్టింది.

"ఏమన్నారు?" అడిగాడు ఒబిన్నా.

"తినమన్నారు," అంది ప్రియ.

మిగతాది సాయంత్రం హాలుకి వెళ్తుంటే, మోటార్‌సైకిల్ మీద, సన్నని వానలో, అతని చెవి దగ్గర చెప్పింది. అతను బండి పక్కకి ఆపేసి, ఇంకోసారి చెప్పమన్నాడు.