ఫాలసీకి ఒక ఉదాహరణ

వంటింటి పని ముగించుకుని, కోడలు తన నోటుపుస్తకాన్ని భోజనాల బల్లమీద పెట్టి దూరంగా నిలబడింది. ముప్పైరెండేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన అత్తగారు కళ్లజోడు సవరించుకుని ఎర్రకలం మూత తీసింది. ఆర్నెల్లుగా వారిద్దరి మధ్య మాటల్లేవు. ఉన్నదల్లా ఈ దిద్దుబాటే. కోడలిని ఉపాధ్యాయ పరీక్షకు చదివించాలన్నది మామగారి చివరి కోరిక. అందుకని దిద్దేది.

నిన్నటి పదం ఫాలసీ. పైకి సబబుగా కనిపిస్తూ లోపల పొసగని తర్కమని అర్థం రాసి, ఫాలసీకి ఒకటి, సరైన తర్కానికి ఒకటి ఉదాహరణలు రాయమని అత్తగారు పుస్తకంలోనే పెట్టింది.

'గొడుగు తీసుకెళ్లాను. వాన కురవలేదు. కాబట్టి గొడుగే వానను ఆపింది.' ఫాలసీయే. రైటు పెట్టింది.

సరైన తర్కం కింద ఇలా ఉంది: 'మామగారు అడిగారని మంచం కిటికీ దగ్గరికి జరిపాను. మర్నాడు ఆయన పోయారు. కాబట్టి నేనే ఆయన్ని చంపాను.'

కలం ఆగింది.

"ఏమిటే ఈ రాత?"

"మీ మాటే అత్తయ్యా. శవం దగ్గర అందరి ముందూ అన్నారుగా. నేను ఇంగ్లీషులో పెట్టానంతే."

"ఏదో కోపంలో అన్నాను..."

"ఆర్నెల్లు నా చేతి మంచినీళ్లు ముట్టలేదు మీరు. కోపం ఇంత పొడుగుంటుందా?"

ఆయన గుండె చివరికొచ్చింది, వారమో పదిరోజులో అని డాక్టరు అత్తగారితో ముందే చెప్పాడు. ఆ కబురు ఆవిడ కడుపులో దాచుకుంది. తాను మోయలేని దుఃఖాన్ని, ఎదురు చెప్పలేని మనిషి నెత్తిన పెట్టింది. ఏ పిల్ల రాసినా సున్నా వేసే వాక్యాన్ని తీర్పుగా చదివింది.

ఆ వాక్యాలను అడ్డంగా కొట్టేసింది.

"తప్పు. ఇదీ ఫాలసీయే. ఆయన పోతారని డాక్టరు ముందే చెప్పాడు. చివరిరోజున ఆకాశం చూశారంటే అది నీ పుణ్యం తల్లీ. నన్ను క్షమించు."

కోడలు ఆ ఎర్రగీతను చాలాసేపు చూసింది. కన్నీళ్లు కాగితం మీద పడ్డాయి.

"ముందే చెప్పాల్సింది అత్తయ్యా. నేనూ నమ్మేశాను."

అత్తగారు మెల్లగా లేచి మామగారి గదిలోకి వెళ్లి, ఆర్నెల్లుగా మూసి ఉన్న ఆ కిటికీ గడియ మీద చెయ్యి వేసింది.

కోడలు గబుక్కున వచ్చి ఆ చేతిని పట్టుకుంది.

"వద్దు అత్తయ్యా... మీకేమైనా అయితే?"