ఎయ్, తీయ్

నంద్యాల బస్టాండు ఎదుట టీ తాగుతూ తాగుతూనే మన ఏజెంటు ఒకడు కుప్పకూలాడు. టీలో విషం! పక్క బల్ల మీదున్న సుందరరాజు అతని నాడి పట్టుకునేలోపే ఇయర్‌పీస్‌లో చీఫ్ రాజశేఖర్ గొంతు గరగరలాడింది.

"వాణ్ణి వదిలెయ్. ఆళ్లగడ్డ వెళ్లు. అక్కడి రిజర్వాయర్ గేటుని విదేశీ ముఠా ఒకటి తన మెసేజింగ్ సర్వర్‌కి తగిలించింది. ఈరోజే ఎత్తేస్తారు. కింద ఊళ్లు కొట్టుకుపోతాయి."

"సర్వర్‌ని ఆపలేరా?"

"నువ్వెవరు, ఏమేం చేయగలవు అని అడిగితే ఏ సర్వరైనా జవాబివ్వాలి. ఇది ఇంగ్లిష్‌లో అడిగితే వాతావరణ సమాచారం అంటోంది. హిందీలోనూ అదే పాట. ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఇంద్రజ ఉంది. మనదో, వాళ్లదో నాకే తెలియదు."

బాగుంది! తెలియని మనిషి దగ్గరికి, ఆశ లేని పనికి. మోటారు మెకానిక్ వేషంలో, మల్టీమీటర్‌లో దాచిన ట్రాన్స్‌మిటర్‌తో సుందరరాజు బయలుదేరాడు.

గేటు పక్క షెడ్డు తలుపు తట్టి కోడ్ చెప్పాడు. "వైండింగ్ కాలిందంట?"

"వైండింగ్ కాదు, కెపాసిటర్," అని లోపల్నుంచి నీరసంగా జవాబు.

సినిమా పోస్టర్‌లా మెరిసిపోయే ఇంద్రజ నేల మీద రక్తంలో పడి ఉంది. అనుమానం వచ్చి ముఠావాళ్లే కాల్చిపోయారట. బయట మోటారు రొదపెడుతోంది. గేటు లేస్తోంది.

"తెలుగులో అడుగప్పా. గేటుకాడుండే వాళ్ల మనుషులకు ఇంగ్లీషు రాదు. అందుకే అసలు పన్లు తెలుగులోనే పెట్టించినారు. నేనే రాసినా."

సుందరరాజు మల్టీమీటర్‌లోని ట్రాన్స్‌మిటర్‌తో సర్వర్‌ని భాష మార్చి అడిగాడు. మల్టీమీటర్ తెర మీద సర్వర్ ప్లేటు ఫిరాయించింది. పేరు: గేటు. పనులు: ఎయ్, తీయ్.

"తీయ్ నొక్కు," అంది ఇంద్రజ.

గేటు తియ్యమంటే తెరవమనే కదా! సుందరరాజుకు ఒళ్లు మండింది. "ఊళ్లని ముంచమంటావా?"

"ఏందప్పా నీ గోల! కింద మిరపచేలో మా యమ్మ సరోజమ్మ ఉండాది. బేగా తీయ్!"

అమ్మ పేరు చెప్పి మోసం చేసినవాళ్లని అతను చాలామందిని చూశాడు. ఎయ్ నొక్కాడు. రెండో మోటారు కూడా అందుకుంది. నీళ్లు ఉరికాయి.

"కరెంటప్పా..." అని గొణిగింది ఇంద్రజ. "నేన్ రాసింది గేటుకు గాదు, మోటర్ల కరెంటుకు. ఎయ్ అంటే కరెంటు ఎయ్. తీయ్ అంటే..."

తల వాలిపోయింది. అయ్యో! సుందరరాజు తీయ్ నొక్కాడు. మోటార్లు చచ్చాయి. గేటు తన బరువుకు తానే దిగింది. నీళ్లు చేల మీదికి పొర్లి, ఊరి మొదటి ఇళ్ల ముందు ఆగాయి.

"శభాష్! మిషన్ సక్సెస్!" అన్నాడు చీఫ్. సుందరరాజు ఇయర్‌పీస్ పీకేశాడు. ఆమెని నమ్మలేదు. నమ్మలేదని తెలిసే పోయింది ఆమె. సిగ్గుతో అతనికి ఏడుపొచ్చింది.

బయటికొస్తే, నడుం దాకా బురదతో ఒక ముసలామె గట్టెక్కుతోంది.

"ఎవురప్పా నువ్వు?"

"మోటారు మెకానిక్‌నమ్మా."

"మంచి పనే చేస్తాండావు! చేను ఎండిపోతాంది, నీళ్లిడవండని మొత్తుకుంటే ఎవురూ ఇనల్యా. ఈపొద్దు అడక్కుండా ఇడిసి పైరంతా కొట్టకపోయేట్ల జేస్తిరి. మా పాప ఇంద్రజ ఈ షెడ్డులోనే కంప్యూటర్ పని చేస్తాది. దాన్ని పిలువు, పనెట్ల చేయాల్నో నీకు చెప్తాది."