ఒకే కాపీ, ఇద్దరు పాఠకులు

"ఆ కాపీ నాది," అన్నాడతను.

"అలాగా? మీ పేరు ఎక్కడా అచ్చు వేయలేదే," అంది ఆమె, పత్రికను అటూ ఇటూ తిప్పి చూస్తూ.

పత్రికల షాపులో జరిగిన ఆ తొలి పరిచయంలో ఇంతకంటే తీయని మాటలేవీ దొర్లలేదు.

గొడవకు కారణమైన పత్రిక క్లారినెట్ల గురించి మాత్రమే వస్తుంది. ప్రపంచంలో ఎన్ని ప్రభుత్వాలు కూలినా దాని సంపాదకుడికి పట్టదు. క్లారినెట్ మీటల కింద వేసే తోలు మెత్తగా ఉండాలా, గట్టిగా ఉండాలా అన్నదే ఆయన బెంగ. ఎక్కడో విదేశంలో అచ్చయి, ఓడెక్కి, మూడు నెలలకోసారి తీరిగ్గా ఈ నగరంలో దిగుతుంది. దాన్ని చదివేవాడు ఊరు మొత్తానికి ఒక్కడే అని తెలుసు కనుక షాపు పెద్దాయన ఒక్క కాపీయే తెప్పిస్తాడు.

ఆ ఒక్కడు అతనే. మేనమామ నడిపే వాద్యాల మరమ్మతు షాపులో ఊదే వాద్యాలన్నీ అతని చేతికే వస్తాయి. వీధిలో అందరూ అతన్ని బూర డాక్టర్ అంటారు. గౌరవంగానే అంటారని అతని నమ్మకం.

"పెద్దాయనా, ఎప్పుడూ నాకే కదా ఇస్తారు?" అన్నాడు.

"నువ్వు నిన్ననే రావాల్సింది బాబూ. ఈ అమ్మాయి ఇవాళ పొద్దున్నే వచ్చింది," అన్నాడు పెద్దాయన. బేరం తెగకముందే వినోదం దొరికినందుకు ఆయన ముఖం వెలిగిపోతోంది.

"చూడండి," అన్నాడతను ఆమెతో, "ఒక స్కూల్ బ్యాండు మాస్టారి క్లారినెట్ చీలిపోయి నా బల్ల మీద పడి ఉంది. చెక్క చీలికను అతికే కొత్త పద్ధతి ఈ సంచికలో ఉంది. అసలు సైజులో బొమ్మలతో సహా. దీనికోసమే ఆయన్ని ఇన్నాళ్ళూ ఆపాను."

"నేనూ చెప్తాను, చూడండి. నగర ఆర్కెస్ట్రాలో క్లారినెట్‌కి ఖాళీ వచ్చింది. ఎంపికకి ఏదైనా కొత్త సోలో వాయించమన్నారు. మిగతావాళ్ళంతా ఆ పాతవే వాయిస్తారు. దీన్లో ఎవరూ వినని సోలో ఒకటి పడింది."

"అయితే మీ పేజీలు మీరు చింపుకోండి, నా పేజీలు నాకివ్వండి."

ఆమె పత్రిక తెరిచి చూపించింది. అతని వ్యాసం వెనకవైపునే ఆమె సోలో అచ్చయి ఉంది. కాగితానికి ఒకవైపు చీలిక, రెండోవైపు స్వరాలు. సంపాదకుడు పగబట్టి చేసినా ఇంత చక్కగా కుదిరేది కాదు.

చివరికి ఆమే జాలి తలిచింది. "నేను ఎదురుగా ఉన్న కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్షిస్తాను. రేపట్నుంచి లంచ్ టైముకి పక్క బేకరీకి రండి. నా ముందు కూర్చుని చదువుకోండి. పేజీలు మాత్రం నేనే తిప్పుతాను."

"నాకు చేతులున్నాయండీ."

"ఉన్నాయి. వాటి నిండా నూనె కూడా ఉంది."

మర్నాటి నుంచి బేకరీలో చదువు మొదలైంది. అతను ట్రేసింగ్ పేపర్ పరిచి బొమ్మలు దించుకునేవాడు. ఆమె ఒక వేలితో పేజీ మూల నొక్కిపట్టి, రెండో చేత్తో బన్ను తినేది.

"ఆ గీత వంకరపోయింది," అనేది.

"మీరు ఊపిరి వదిలారు, కాగితం కదిలింది."

"సారీ. రేపట్నుంచి ఊపిరి ఇంట్లో పెట్టి వస్తాను."

అతను గీస్తూ గీస్తూ తలెత్తి చూసేవాడు. ఆమె సరిగ్గా అప్పుడే కిటికీలోంచి బయట వానను చూసేది. అతను తల దించగానే ఆ వాన ఆమెకి బోరు కొట్టేసేది. బయట కుర్రకారు గొడుగుల్లేకుండా పరుగెత్తుతుంటే, లోపల వీళ్ళిద్దరూ క్లారినెట్ మూతికి బిగించే పల్చటి రీడ్ ఎంత మందం ఉండాలో వాదించుకునేవారు. ప్రేమలో పడటానికి మనుషులు పూలు, కవితలు వెతుక్కుంటారు. వీళ్ళకి రీడ్ మందం సరిపోయింది.

వ్యాసం నాలుగు పేజీలు. రెండో వారం గడుస్తున్నా అది పూర్తి కాలేదు.

"ఒరేయ్," అన్నాడు మావయ్య ఒకరోజు, ట్రంపెట్ తుడుస్తూ. "నేను డిగ్రీ మొత్తం ఇంతకంటే త్వరగా చదివానురా."

"బొమ్మలు జాగ్రత్తగా గీసుకోవాలి కదా మావయ్యా."

"ఆ పత్రికల షాపులో జిరాక్స్ మెషీన్ ఉంది కదరా! నువ్వూ ఆ పిల్లా దానిమీదే మోచేతులు పెట్టుకుని దెబ్బలాడుకున్నారట. పెద్దాయన వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వుతున్నాడు."

అతని చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పడింది. నిజంగానే అతనికి తట్టలేదు. కోపంలో తట్టలేదు, ఆ తర్వాత తట్టాల్సిన అవసరమే కలగలేదు.

అంతలో ఇంకో ఉపద్రవం వచ్చిపడింది. గొడవ జరిగిన రోజే అతను పళ్ళు కొరుకుతూ పిన్నికి ఫోన్ చేశాడు. పిన్ని ఉండేది ఆ పత్రిక అచ్చయ్యే దేశంలోనే. క్లారినెట్‌కీ సన్నాయికీ తేడా తెలియని ఆ మహాతల్లి, అక్కడి షాపులన్నీ గాలించి, ఒక కాపీ సంపాదించి పార్సెల్ చేసింది. అది ఇప్పుడు వచ్చింది. బుద్ధిమంతుడైతే వెంటనే వెళ్ళి "నాకు కాపీ దొరికిందండీ, ఇక మీ టైము మీది" అని చెప్పేవాడు. అతను దాన్ని టూల్స్ సొరుగులో అడుగుకి తోసి, ట్రేసింగ్ పేపర్ చుట్టుకుని బేకరీకి బయల్దేరాడు.

ఆ వారమే బ్యాండు మాస్టారి క్లారినెట్ చీలిక అతికింది. ఆయన అక్కడే నిలబడి వాయించి, వెలుతురుకెత్తి చూసి, చీలిక ఎక్కడుండేదో తనే మర్చిపోయి సంతోషంగా వెళ్ళిపోయాడు. మన బూర డాక్టర్ మాత్రం ఆ వ్యాసాన్ని ఇంకా "చదువుతూనే" ఉన్నాడు.

ఎంపిక దగ్గర పడుతుండగా ఆమె క్లారినెట్ మీట ఒకటి వదులైంది. ఇది బేకరీలో తేలే పని కాదని నేరుగా మరమ్మతు షాపుకే వచ్చింది. అప్పటికి అతను బజారుకి వెళ్ళి ఉన్నాడు.

"స్ప్రింగేనమ్మా, ఇప్పుడే చూస్తాను," అంటూ మావయ్య సన్న పట్టకారు కోసం సొరుగు లాగాడు. పైనున్న సామానంతా బల్ల మీదికి తీశాడు. అడుగున పత్రిక కవర్ తళతళా మెరిసింది.

అతను తిరిగి వచ్చేసరికి ఆమె దాన్ని చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"ఇదేమిటి?"

"పత్రిక."

"అది కనబడుతూనే ఉంది. నా చూపు బాగానే ఉంది. ఎప్పుడొచ్చింది?"

"పోయిన... పోయిన వారం."

"పోయిన వారం నుంచీ మీ దగ్గరుంది. అయినా రోజూ నా ఎదురుగా కూర్చుని గీతలు గీశారు! మీరు గీస్తున్నంతసేపూ నా సోలో బల్లమీద బోర్లా పడి ఉంది. అది నా ప్రాక్టీస్ టైము. తెలుసా?"

"చెప్దామనే అనుకున్నాను..."

"జిరాక్స్ మెషీన్ నాకు మొదటిరోజే కనబడింది," అంది ఆమె. "నేనూ నోరు మూసుకున్నాను. కాకపోతే నా ప్రాక్టీస్ పోగొట్టుకుని నోరు మూసుకున్నాను. మీరేం పోగొట్టుకున్నారు?"

ఆమె క్లారినెట్ పెట్టె మూసి, స్ప్రింగ్ సంగతి కూడా వదిలేసి వెళ్ళిపోయింది.

మావయ్య కాసేపు ట్రంపెట్‌లోకి తొంగి చూశాడు. "చీలికలు అతకడంలో నీకు మంచి పేరుందిరా," అన్నాడు. "దీనికి మాత్రం ఏ పత్రికలోనూ బొమ్మలు వేయరు."

అతను ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదు. బేకరీలో ఒక్కడే కూర్చుంటే బన్ను గొంతు దిగలేదు. కళ్ళద్దాల షాపుకి వెళ్ళి కళ్ళు సరిగ్గా కనబడట్లేదన్నాడు. లోపల్నుంచి ఇంకొకాయన వచ్చి, శ్రద్ధగా పరీక్ష చేసి, చూపు బ్రహ్మాండంగా ఉందని పంపేశాడు.

ఎంపిక రోజు పొద్దున్నే అతను టూల్స్ సంచీ భుజాన వేసుకుని ఆర్కెస్ట్రా హాలుకి వెళ్ళాడు. వరండాలో బెంచీ మీద ఆమె, పక్కన వాళ్ళమ్మ. ఆవిడ లెక్కల టీచరు. కళ్ళజోడు మీదుగా ఒక్కసారి చూస్తే ఎవరైనా చేయని హోంవర్క్ గుర్తొచ్చి నిలబడిపోవాల్సిందే.

"ఏం కావాలి?" అంది ఆమె.

"స్ప్రింగ్."

"అక్కర్లేదు. బాగానే ఉంది."

"లేదు. వదులుగా ఉంది. మధ్యలో ఊడిందంటే మీ సోలో అక్కడే ఆగిపోతుంది. నన్ను మధ్యాహ్నం కూడా తిట్టొచ్చు, దానికి టైముంది. ముందు అది ఇవ్వండి."

"ఇవ్వవే," అంది వాళ్ళమ్మ.

అతను బెంచీ మీద గుడ్డ పరిచి, నేలమీద మోకాళ్ళేసుకుని మీట విప్పాడు. తలెత్తకుండానే మాట్లాడాడు. "చెప్తే మీరు బేకరీకి రావడం మానేస్తారని భయపడ్డాను. నాకు కావాల్సింది పత్రిక కాదని తెలిసిపోయింది. అది ఒప్పుకునే ధైర్యం లేక మీ ప్రాక్టీస్ తినేశాను. తప్పు నాదే."

లోపల్నుంచి పిలుపు వచ్చింది. అతను క్లారినెట్ తుడిచి ఆమె చేతికిచ్చాడు. తీసుకునేటప్పుడు ఆమె వేళ్ళు అతని నూనె వేళ్ళ మీద ఒక్క క్షణం ఎక్కువే ఆగాయి.

తలుపు మూసుకుంది. బయట వాళ్ళమ్మ, అతను మిగిలారు.

"రోజూ బన్ను తిని అన్నం మానేసేది మీ వల్లేనా?" అందావిడ.

"అవునండీ."

"ఇంట్లో ఈ వారమంతా ఇంకొకటీ మానేసింది. నవ్వడం. అది కూడా మీ ఖాతాలోదేనా?"

అతను తల దించుకున్నాడు. లోపల సోలో మొదలైంది. ముందు మెల్లగా, తడబడుతూ, తర్వాత మెట్లు దిగుతున్నట్టు కిందికి. వదులైన మీట పలకాల్సిన చోట అతను ఊపిరి బిగబట్టాడు. స్వరం నిండుగా పలికింది. అక్కణ్ణుంచి ఆమె వాయిస్తున్నది అతను కళ్ళు మూసుకుని విన్నాడు. ఇన్నాళ్ళూ ఆ కాగితానికి అవతలివైపు ఇంత ఉందని అతనికి తెలియదు.

ఆమె బయటికి వచ్చింది. ముఖంలో ఏమీ తెలియట్లేదు.

"తీసుకున్నారు," అంది. "చివరి వరసలో. డ్రమ్ముల పక్కన."

"అయితే వినబడటం కష్టమే," అన్నాడతను. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

ఆమె నవ్వేసింది. వారమంతా దాచిపెట్టిన నవ్వంతా ఒక్కసారే వచ్చింది. వాళ్ళమ్మ దాన్ని కళ్ళజోడు మీదుగా చూసి, లెక్క సరిపోయినట్టు తల ఊపింది.

బయట వాన దంచి కొడుతోంది. ఉన్నది ఒక్కటే గొడుగు. వాళ్ళమ్మ దాన్ని విప్పి తనే పట్టుకుంది.

"నాకు మోకాళ్ళ నొప్పులు, తడవకూడదు. మీరు నిదానంగా రండి," అంది. మెట్లు దిగబోతూ ఆగింది. "బాబూ, ఆదివారం మీ మావయ్యని తీసుకుని ఇంటికి రా. పెద్దవాళ్ళం మేం మాట్లాడుకుంటాం. మీ ఇద్దరికీ వదిలేస్తే ఇది కూడా నెలలు పట్టేలా ఉంది."

ఇద్దరూ వరండా అంచున నిలబడ్డారు. చినుకులు అతని భుజాన్ని తడిపేస్తున్నాయి. అతను మాత్రం టూల్స్ సంచీని ఆమె క్లారినెట్ పెట్టెకి అడ్డంగా పట్టుకుని నిలబడ్డాడు.

ఆమె అతని చొక్కా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.

"ఇటు రా. నువ్వు తడిసిపోతున్నావు," అంది.

"ఏమన్నారు?"

"వినబడలేదా? పరీక్ష చేయాల్సింది నీ చెవులన్నమాట."

"వినబడింది," అన్నాడతను. "ఇంకోసారి అను."