బోణీ చీర

ప్రొద్దుటూరు బట్టల బజారులో చీరల అంగడి నడిపే రాఘవేంద్రప్రసాద్‌కు ఒక గర్వం ఉండేది. గడప తొక్కిన మనిషి ముఖం చూసి ఏ రంగు కొంటారో చెప్పేయగలనని. ఒక వాన పొద్దున తొమ్మిదింటికి, తడిసిన గొడుగు పట్టుకుని ఒకామె అంగడి మెట్లెక్కింది. ఆ గర్వం ఆమె వెంటే మెట్లు దిగిపోయింది.

"రాండి మేడమ్, కూర్చోండి. బోణీ బేరం, మీరు చెప్పిందే రేటు."

"నేను..."

"ఆకుపచ్చ. చెప్పొద్దు, నాకు తెలుసు."

పదిహేను చీరలు విప్పి పరిచాడు. ఆమె ఓపిగ్గా చూసింది. పదహారోది విప్పబోతుంటే బ్యాగులోంచి ఒక కాగితం తీసింది.

"నా పేరు హేమమాలిని. లా కాలేజీలో ప్రొఫెసర్ని. భార్గవి కేసులో రెండిళ్లూ చూసి రిపోర్టు రాయమని కోర్టు చెప్పింది. పాప యాడుంది?"

పదహారో చీర చేతిలోనే ఉండిపోయింది.

భార్గవి అతని చెల్లెలి కూతురు. ఏడేళ్లు. నిరుడు ముద్దనూరు దారిలో యాక్సిడెంటు జరిగి చెల్లెలూ ఆమె భర్తా పోయినప్పటి నుంచి పాప మేనమామ దగ్గరే ఉంది. ఇప్పుడు పులివెందులలో ఉన్న తాత, పాప నాయనను కన్న రంగనాయకులు, పెళ్లి కూడా కాని మగవాడికి ఆడపిల్లను పెంచడం ఏం తెలుసంటూ, పాపను తనకప్పగించమని కోర్టుకెక్కాడు.

పాప కౌంటర్ కింద అట్టపెట్టెలో కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. రాఘవేంద్రప్రసాద్‌కు వచ్చిన విద్య ఒక్కటే. దాన్నే బయటికి తీశాడు.

"శానా మంచి పాప మేడమ్. ఇంతవరకూ ఒక్క కంప్లైంటు లేదు. బజారంతా తిరిగినా ఇట్లాంటిది దొరకదు."

"నేను పాపను కొనడానికి రాలేదప్పా."

అట్టపెట్టెలో కిసుక్కుమని నవ్వు వినిపించింది.

"పాపకు ఏమంటే భయం?"

"మా పాపకా? భయమే లేదు" అన్నాడు, గ్యారంటీ ఇస్తున్నట్టు.

ఆమె అతన్ని ఒక్క క్షణం చూసి, ఏదో రాసుకుని వెళ్లిపోయింది.

అతనికి బెంగ పట్టుకుంది. వాళ్ల నాయన కాలం నుంచి ఆ అంగడికి ఒక పద్ధతి ఉంది. బోణీకి వచ్చిన మనిషి వట్టి చేతులతో పోకూడదు. పోతే ఆ రోజు ఏదీ కలిసిరాదు. పాపే చేజారిపోయేలా ఉన్నప్పుడు బోణీ తప్పితే ఎట్లా? మధ్యాహ్నానికల్లా ఆకుపచ్చ చీరను పెట్టెలో పెట్టి ఆమె ఇంటికి పంపించాడు. తన తెలివికి తానే మురిసిపోయాడు. ఆ రంగు ఆమెకు ఎంత బాగుంటుందో తలచుకుని ఇంకొంచెం మురిసిపోయాడు.

మరుసటి పొద్దున పెట్టె మళ్లీ కౌంటర్ మీదకొచ్చింది.

"ఇదేంది?"

"బోణీ పద్ధతి మేడమ్..."

"కోర్టులో దీన్ని లంచం అంటారు. పన్నెండేండ్లుగా పిల్లల కేసులు చూస్తాండా. కుక్కర్లు పంపినోళ్లను చూసినా, మామిడిపండ్లు పంపినోళ్లను చూసినా. మ్యాచింగ్ జాకెట్ గుడ్డ పెట్టినోళ్లను మాత్రం ఇదే చూడ్డం."

"రంగు నచ్చలేదా?" అనేసి నాలుక కరుచుకున్నాడు.

"నచ్చింది. అందుకే ఇంకా కోపం వస్తాంది. ఇంక ఈ రిపోర్టు నేను రాయకూడదు. ఎందుకు తప్పుకుంటాండానో కోర్టుకు చెప్పాల. అది విని పాపను తాతకిచ్చేస్తే ఏం చేస్తారు?"

అతను పెట్టెను తీసి వెనక బీరువాలో దాచేశాడు.

ఆ సాయంత్రం అంగడి కట్టేస్తూ, రోజూ మాదిరే షట్టర్‌ను దబ్బున కిందికి లాగాడు. వెనక్కి తిరిగితే భార్గవి రెండు చెవులూ మూసుకుని, కళ్లు గట్టిగా బిగించుకుని ఉంది.

"ఏమైందిమ్మా?"

"అమ్మావాళ్లు పోయిన పొద్దు నేనీడే ఉంటి. నువ్వు ఇట్లే దబ్బుమని వేసి ఏడ్చుకుంటా నా దగ్గరికొచ్చినావు కదా మామా."

ఏడాది పాటు రోజూ ఆ పిల్ల పక్కనే అదే చప్పుడు. ముఖం చూసి మనసు చెప్పేస్తానని గొప్పలు పోయిన మనిషి, షట్టర్‌కు ఆనుకుని మెట్ల మీద కూలబడ్డాడు.

శనివారం జమ్మలమడుగు పోయాడు. హేమమాలిని అక్కడ స్టూడెంట్లతో ఉచిత న్యాయ సలహా శిబిరం నడుపుతుంది. అతను తలుపు దగ్గరికి చేరేసరికి పాఠం జోరుగా సాగుతోంది.

"రిపోర్టు రాసేవాళ్లు వక్కముక్క కూడా తీసుకోకూడదు. మొన్న ప్రొద్దుటూరులో ఒకాయన ఏకంగా జాకెట్ గుడ్డతో సహా..."

అందరూ పగలబడి నవ్వారు. రాఘవేంద్రప్రసాద్ చెయ్యెత్తాడు. "ఆ ఒకాయన నేనే."

స్టూడెంట్లంతా తలుపు వైపు తిరిగారు.

"రిపోర్టు కోసం రాలేదు మేడమ్. మీరడిగినదానికి తప్పు చెప్పినా. పాపకు షట్టర్ చప్పుడంటే భయం. నాకు మొన్నటిదాకా తెలీదు."

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ఇది నాకు కాదు, జడ్జిగారికి చెప్పండి. చీర సంగతి కూడా మీ నోటితోనే చెప్పండి."

రెండూ చెప్పాడు. చీర దగ్గర జడ్జిగారు నవ్వు కనపడకుండా ఫైలు అడ్డం పెట్టుకున్నారు. షట్టర్ దగ్గర ఆ ఫైలు కిందికి దించారు. వేరే ఆఫీసరు వచ్చి రెండిళ్లూ చూసి రిపోర్టు ఇచ్చాడు. జడ్జిగారు పాపతో విడిగా మాట్లాడారు. మామ దగ్గరే ఉంటానంది పాప. చివరి వాయిదా రోజు రంగనాయకులు కండువాతో కళ్లు ఒత్తుకుంటూ, "సెలవులకు పంపిస్తే చాలప్పా, ఈడే ఉండనీ" అన్నాడు. కోర్టు అట్లాగే రాసింది.

మూడు వారాల తర్వాత మళ్లీ వాన. తొమ్మిదయింది. నూనె పెట్టిన షట్టర్‌ను రెండు చేతులతో, నిద్రపోయే పిల్ల మీద దుప్పటి తీసినంత మెల్లగా ఎత్తుతున్నాడు రాఘవేంద్రప్రసాద్.

"రోజూ ఇంతసేపు పడుతుందా?"

వెనక తడిసిన గొడుగు.

"మీకెట్లా తెలుసు?"

"మా కాలేజీ బస్సు ఈ దారినే పోతాది. కిటికీ సీటు కోసం రోజూ కొట్లాడతాండా." ఆమె లోపలికొచ్చింది. "కేసు అయిపోయింది. ఇప్పుడు నేను ఉత్త గిరాకీని. ఆకుపచ్చది ఉందా?"

"ఉంది. ఎవరికీ చూపించలేదు."

"పూర్తి రేటు తీసుకోండి. బిల్లు కూడా కావాల."

బిల్లు రాస్తూ, అలవాటు కొద్దీ అడిగాడు. "ఏం ఫంక్షన్‌కు మేడమ్?"

"పెండ్లికి."

పెన్ను ఆగిపోయింది. "ఎవరి పెండ్లి?"

"అది అంగడాయన అడిగితే కదా తెలిసేది."

అతను బిల్లు పుస్తకం మూసి, మళ్లీ తెరిచాడు.

"అడుగు మామా!" అంది అట్టపెట్టె.

"మేడమ్, మాది మంచి ఫ్యామిలీ, నాకు ఏ అలవాట్లూ..."

"మళ్లీ అమ్ముతాండారు. మీకు ఏమంటే భయమో చెప్పండి."

ఈసారి గ్యారంటీ ఏమీ ఇవ్వలేదు. "మీరు మళ్లీ మెట్లు దిగిపోతారేమోనని."

హేమమాలిని గొడుగు మడిచి మూలన పెట్టి, చీరలు పరిచే పరుపు మీద తీరిగ్గా కూర్చుంది.

"పోయినసారి పదిహేనే చూసినా. పదహారోది విప్పండి."

విప్పబోయి ఆగాడు రాఘవేంద్రప్రసాద్. జీవితంలో మొట్టమొదటిసారిగా, ముఖం చూసి చెప్పేయకుండా గిరాకీని అడిగాడు.

"మీకు ఏ రంగంటే ఇష్టం?"